పుస్తకమునకు ద్వారములు: శాస్త్రగ్రంథ పఠనము – బాలుర శిక్షణ

గ్రంథాలయమునకు క్రొత్తగా వచ్చిన బాలుని చేతికి ఒక కథల పుస్తకమిచ్చినచో వాడు మొదటి పుట తెఱచి చదువ నారంభించును. కథకు ఆ పద్ధతి సరిపోవును. అదే బాలునికి జంతువులను గూర్చిన పుస్తకమొకటి యిచ్చి, "తేలు పిల్లలను ఎట్లు పెంచును?" అని అడిగినచో, అప్పుడును వాడు మొదటి పుట నుండియే ఆరంభించును. నాలుగు పుటలు చదువును, తేలు కానరాదు, విసువు పుట్టి పుస్తకమును బల్లపై పెట్టి బయటకు పోవును. వానికి చదువు రాక కాదు. అక్షరములు వచ్చును, మాటలకు అర్థమును తెలియును. ఆ పుస్తకములోనికి పోవుటకు ద్వారములు పెక్కు కలవనియు, ఆ ద్వారములపై పేర్లు వ్రాసియున్నవనియు వానికెవ్వరును చెప్పలేదు. అంతియే లోపము.

విషయసూచిక, అధ్యాయముల పేర్లు, ఉపశీర్షికలు, పుటసంఖ్యలు, చిత్రముల క్రింది వివరణములు, పట్టికలు, కఠినపదముల అర్థములు, చివరనుండు అకారాది సూచిక: ఇవి యన్నియు నేటివారికి పుస్తకముతో పుట్టినట్లే తోచును. నిజమునకు ఇవి ఒక్కొక్కటియే, ఒక్కొక్క అవసరము కొఱకు, శతాబ్దముల పర్యంతము ఏర్పడుచు వచ్చినవి. వీనిని బాలురకు నేర్పుట యనునది వాని పుట్టుక కంటె మిక్కిలి ఆలస్యముగా ఆరంభమైనది. మన తెలుగునాట ఆ పని ఇంకను పూర్తి కాలేదు.

తాటియాకుల కాలము

తాటియాకు గ్రంథమును చేత పట్టి చూచినవారు నేడు కొలదిమంది. ఆకులను ఆరవైచి, మెత్తపఱచి, ఒక కొలతకు కత్తిరించి, గంటముతో అక్షరములు గీచి, మసి పూసి తుడిచినచో గీతలలో మసి నిలిచి అక్షరములు నల్లగా కానవచ్చును. రంధ్రమున త్రాడు గ్రుచ్చి, పైన క్రింద రెండు చెక్కపలకలు పెట్టి కట్టుదురు. శ్రమ ఎక్కువ, చోటు తక్కువ. కావున వ్రాయసకాడు అంగుళమైనను వృథాపుచ్చడు. మాటకు మాటకు నడుమ ఎడము లేదు. పద్యము ముగిసినచోట ఒక గీత గీచును. తరువాతి పద్యము అదే పంక్తిలో ఆరంభమగును. ఆకున కొక్కటే అంకె. రెండు ప్రక్కలకును అదియే.

అయినను ఆ గ్రంథము గుర్తులు లేని అడవి కాదు. పద్యమునకు ముందు క, ఉ, చ, మ, శా, సీ, తే, ఆ అను పొడి అక్షరములలో ఏదో యొకటి యుండును. క యనగా కందము, సీ యనగా సీసము. వ యని యున్నచో వచనము. ఆ యొక్క అక్షరము చూడగానే పాఠకునికి ఏ నడకతో చదువవలెనో తెలిసిపోవును. ఆశ్వాసము చివర గద్య యుండును. అందు కవి పేరు, తండ్రి పేరు, గ్రంథము పేరు, అది యెన్నవ ఆశ్వాసమో చెప్పబడును. నేటి పుస్తకమునకు ముఖపత్రము చేయు పనిని నాడు గద్య చేసెడిది. మొదట గాక చివర చేసెడిది, అంతియే భేదము. గ్రంథారంభమున అవతారిక యుండెను. దేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిభర్త వంశవర్ణనము గల ఆ భాగమునుండి గ్రంథమెవరు వ్రాసిరో, ఎవరి కొఱకు, ఏ కారణమున వ్రాసిరో గ్రహింపవచ్చును. పీఠిక అని నేడు పిలుచునది అట్టిదే.

విషయసూచిక సైతము మనకు క్రొత్త కాదు. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున భారతమును తెనిగింప నారంభించిన నన్నయభట్టారకుడు మొదటి ఆశ్వాసముననే పర్వసంగ్రహము చెప్పి, పర్వముల పేర్లను, ఉపపర్వముల పేర్లను వరుసగా కూర్చెను. ఆయన తెనిగించినది రెండున్నర పర్వములు మాత్రమే. సూచిక మాత్రము పదునెనిమిది పర్వములకును సిద్ధమైనది! తరువాతి కవులకు అది దారి చూపిన పటము వంటిది. అంతకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే వైదికులు అనుక్రమణికలను కూర్చియుండిరి. కాత్యాయనుని పేర ప్రసిద్ధమైన సర్వానుక్రమణి ఋగ్వేదమునందలి ప్రతి సూక్తమునకును మొదటి మాట, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెప్పును.

ఇంత సంపద యున్నను ఒక విషయము మఱువరాదు. ఈ అనుక్రమణికలు గ్రంథము నెఱిగినవాని కొఱకు కూర్చినవి. సూక్తము మొదటి మాట తెలిసినవానికే ఆ మాటను బట్టి చేసిన పట్టిక ఉపకరించును. పద్యము ఎత్తుగడ నోటికి రానివాడు పద్యముల అకారాది సూచికను తెఱచి ఏమి వెదకును? నాటి విద్య కంఠస్థముపై నిలిచినది. సూచికయు ఆ కంఠమునకే తోడు. గ్రంథము నెఱుగనివాడు, తనకు కావలసిన సంగతి మాత్రమే తెలిసి వచ్చినవాడు, ఎచ్చట తట్టవలెనో చెప్పు సూచిక వేఱు. అది పుట్టుటకు విద్యను గూర్చిన తలంపే మాఱవలసి వచ్చెను.

వీథిబడిలో ఈ తలంపునకు చోటు లేకుండెను. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలలను గూర్చి విచారణ చేయుడని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో నాడు 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉండిరని ఆయన లెక్క. బాలురు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పుట చూచి ఆయన మెచ్చుకొనెను. కాని ఒక ఫిర్యాదు కూడ చేసెను: పుస్తకములన్నియు పద్యములు, వాని భాష ఇంటి భాష కాదు, బాలుడు వందలకొలది పద్యములను అర్థము తెలియకయే చిలుకవలె అప్పగించును. క్యాంబెల్ తెలుగు వ్యాకరణమును, నిఘంటువును రచించినవాడు. కావున ఆయన మాటను పరదేశి తొందరపాటుగా త్రోసివేయరాదు. అమరకోశము నేర్చిన బాలునికి చంద్రునికి గల పర్యాయపదములన్నియు వచ్చును. కాని నడుమ ఒక పదము అడిగినచో వర్గము మొదటినుండి వల్లించుకొనుచు అచ్చటికి రావలసినదే. వానికి గ్రంథమంతయు ఒకే దారి, ప్రక్కత్రోవలు లేవు.

అయితే ప్రతి గ్రామమున ఒక పుస్తకము మాత్రము అట్లు చదువబడలేదు. అది పంచాంగము. ఎవ్వరును దానిని మొదటినుండి చివరివఱకు చదువరు. ఉగాదినాడు సంవత్సరఫలము, నవనాయకులు, కందాయములు, ఆదాయవ్యయములు విందురు. తరువాత పెండ్లికో ప్రయాణమునకో పుట తిప్పుదురు. ఎడమ నుండి కుడికి తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను గడులు, వారములకు పొడి అక్షరములు, కాలమునకు అంకెలు. రాశి పేరు ఎదుట ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత యని పట్టిక. పట్టికను చదువుట యనగా అడ్డువరుసను నిలువువరుసను కలియు చోట వ్రేలు పెట్టుటయే కదా! ఆ విద్య పల్లెలో ఉండెను. పురోహితుని యింటి బాలుడు దానిని చూచి నేర్చెను. మిగిలిన బాలురకు అది అందలేదు. బడిలో పంచాంగమును పాఠముగా చెప్పిన ఉపాధ్యాయులు అరుదు.

అకారాది

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున మచిలీపట్టణమున మామిడి వెంకయ్య అను వర్తకుడు ఆంధ్రదీపిక అను నిఘంటువును కూర్చెను. అకారాదిక్రమమున తెలుగు మాటలను పేర్చిన మొదటి నిఘంటువు అదియేనని పెద్దల మాట. వ్యాపారి కావున కావలసిన సరకు అల్మారలో వెంటనే చేతికందవలెనన్న బుద్ధి ఆయనకు సహజమై యుండునేమో! క్యాంబెల్ 1821లో ప్రకటించిన నిఘంటువునకు ఈ గ్రంథము ఆధారమయ్యెను. పిదప సి. పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోను, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లోను వెలువడినవి.

అకారాదిక్రమము చూచుటకు సులభము. బాలునికి మాత్రము అందు రెండు మూడు గోతులు కలవు. వాడు బడిలో "అ ఆ ఇ ఈ" మొదలుకొని ఔ దాటిన పిదప "అం అః" అని వల్లించును. కావున "అంకె" అను మాటను అచ్చుల చివర వెదకును. చాల నిఘంటువులలో అది అకారపు మొదటి పుటలలోనే యుండును. "క్షేత్రము" అను మాటను వర్ణమాల తుదను "ళ క్ష ఱ" అన్న చోట వెదకును. అది కకారము చివర, ఒత్తుల నడుమ నుండును. ఏలనన క్ష యనునది క, ష ల కలయిక. ఇక ఒక అక్షరము లోపల మాటల వరుస యెట్టిదో బాలునికి తెలియదు. నిజమునకు వానికి తెలిసినదే: క కా కి కీ కు కూ అను గుణింతము ఆ వరుసయే. పిల్లలు గొంతెత్తి పాడిన గుణింతము నిఘంటువునకు తాళపుచెవి యని చెప్పినచో వారి ముఖములు వికసించును. నూటయేబది సంవత్సరములకు పైగా గుణింతమును చెప్పుచున్నాము, నిఘంటువును బల్లపై ఉంచుచున్నాము. రెంటికిని గల చుట్టరికమును చెప్పుట మాత్రము మఱచితిమి.

శబ్దరత్నాకరమును తెఱచిన బాలునికి మఱియొక చిక్కు. మాట ప్రక్కన "సం.", "వై.", "దే.", "వి." అని యుండును. సంస్కృతసమము, వైకృతము, దేశ్యము, విశేష్యము అని వాని యర్థము. ఆ పొడి అక్షరముల వివరణము పుస్తకము మొదట నుండును. మొదటి పుటలను ఎవ్వరును చూడరు. తాటియాకుపై "సీ" అని చూడగానే సీసమని గ్రహించిన తాతల మనుమలు, "దే." అని చూచి అచ్చుతప్పేమో యని అనుమానించుట విచిత్రము.

అచ్చు వచ్చిన పిదప

ముద్రణముతో మాటల నడుమ ఎడము వచ్చెను, పుటకు అంకె వచ్చెను, పేరాలు వచ్చెను. ఒకే పుస్తకపు ప్రతులన్నిటిలోను ఒకే సంగతి ఒకే పుటలో నుండుట అచ్చు వలననే సాధ్యమయ్యెను. చేతివ్రాతలో ఒకని పదవ ఆకు మఱియొకనికి పండ్రెండవ ఆకు. కావున "పదవ ఆకు చూడుము" అను సూచిక ఆ యొక్క ప్రతికే చెల్లును. విషయములకు పుటసంఖ్య చూపు అకారాది సూచిక అచ్చుపుస్తకమున స్థిరపడుటకు ఇది ముఖ్యకారణము.

పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము ఈ దృష్టితో చూడదగిన గ్రంథము. సంజ్ఞ, సంధి, తత్సమము, ఆచ్ఛికము మొదలుగా పది పరిచ్ఛేదములు. ప్రతి పరిచ్ఛేదమునను సూత్రములకు వరుససంఖ్యలు. ఏ ముద్రణమైనను, ఏ పుటయైనను, "సంధి పరిచ్ఛేదము, ఇన్నవ సూత్రము" అన్నచో వివాదము లేదు. పుటసంఖ్య కంటెను ఇది నమ్మదగిన చిరునామా. పండితుల వాదములలో ఆ సంఖ్యలు నేటికిని పలుకుచున్నవి.

ఇక ఇంటింట నుండిన పెదబాలశిక్షయో! అక్షరములు, గుణింతములు, రెండక్షరముల మాటలు, ప్రభవాది అరువది సంవత్సరములు, నక్షత్రములు, కొలతలు, సామెతలు, నీతులు అన్నియు ఒక్కచోటనే. చిన్నపాటి విజ్ఞానసర్వస్వము. పెద్దవారు కూడ సంవత్సరము పేరో కొలతయో మఱచినప్పుడు దానినే తెఱచెడివారు. పిల్లలకు దానిని కంఠస్థము చేయించిరి; పెద్దలు దానిని వెదకి చూచిరి. ఒకే పుస్తకమునకు రెండు విధముల చదువు! రెండవ విధమును ఎవ్వరును పాఠముగా చెప్పలేదు, చూచి నేర్చుకొన్నవారు నేర్చుకొనిరి.

గ్రామచరిత్రపై ప్రీతి గలవారికి మెకెంజీ కైఫీయతులు తెలియును. కల్నల్ కాలిన్ మెకెంజీ, కావలి సోదరుల తోడ్పాటుతో, గ్రామ గ్రామమునకు మనుష్యులను పంపి కరణముల నుండి, వృద్ధుల నుండి వృత్తాంతములు వ్రాయించెను. 1821లో మెకెంజీ మరణించిన పిదప ఆ సేకరణమునకు హెచ్. హెచ్. విల్సను కూర్చిన పట్టిక 1828లో వెలువడెను. కాగితములు శిథిలమగుచుండగా బ్రౌను వానికి ప్రతులు వ్రాయించెను. ప్రతి కైఫీయతు శీర్షికయందు గ్రామము పేరు, అది చేరిన పరగణా లేక సర్కారు పేరు ఉండును. సంపుటములు పెక్కు, గ్రామములు వేలు. మౌజే, సమతు, సర్కారు అను మాటల యర్థము తెలిసి, శీర్షికను పట్టి, పట్టికలో నాటి జిల్లా పేరును వెదకగల బాలుడు తన యూరి చెఱువు నెవరు త్రవ్వించిరో చదువగలడు. తెలియనివానికి తన తాతముత్తాతల కథ చేతికందు దూరముననే యుండియు లేనట్లే.

పాశ్చాత్యులలో బాలుర కొఱకు ఈ పనిని మొదట బుద్ధిపూర్వకముగా చేసినవారిలో కొమీనియసు ముఖ్యుడు. 1658లో న్యూరెంబర్గు నగరమున అచ్చయిన ఆయన చిత్రగ్రంథము నూటయేబది చిత్రములతో నుండెను. చిత్రములోని ప్రతి వస్తువునకును ఒక అంకె. ప్రక్కనున్న పాఠములో ఆ వస్తువు పేరునకు అదే అంకె. బాలుడు చిత్రము నుండి మాటకును, మాట నుండి చిత్రమునకును వ్రేలు జరపుచు చదువును. నేటి శాస్త్రపాఠములలో పుష్పము బొమ్మకు "ఆకర్షకపత్రము, కేసరము" అని గీతలు గీచి పేర్లు వ్రాయుట ఆ వంశములోనిదే. మన బడులలో ఆ బొమ్మను పిల్లలు పరీక్షకై చక్కగా దించుదురు. కాని బొమ్మలోని గీత దేనిని చూపుచున్నదో తోటలోని పువ్వుపై చూపుమన్నచో తడబడుదురు.

తెలుగున శాస్త్రగ్రంథములు జనసామాన్యమునకు అందవలెనను సంకల్పముతో 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడెను. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు దానికి మూలస్తంభములు. అబ్రహాము లింకను చరిత్రముతో ఆరంభించి, చరిత్ర, పదార్థవిజ్ఞానము, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము అను విషయములపై ఆ మండలి పుస్తకములు వెలువరించెను. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము 1910లో వచ్చెను. తెలుగు చదువరికి కథ కాని పుస్తకము, పద్యము కాని పుస్తకము, పరీక్షకు కాని పుస్తకము అలవాటైనది ఈ కాలముననే. లక్ష్మణరావు ఇంకొక మెట్టు ఎక్కి ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనెను. అకారాదిగా సమస్త విషయములు! మూడు సంపుటములు వెలువడినను అక్షరమాలలో తొలి అడుగులు దాటలేదు. 1923లో ఆయన దివంగతుడయ్యెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు తరువాత దానిని పునరుద్ధరింప ప్రయత్నించెను. పిదప 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి విజ్ఞానసర్వస్వమును అక్షరక్రమమున గాక విషయక్రమమున, చరిత్రకొక సంపుటము, భౌతికశాస్త్రములకొక సంపుటముగా ప్రకటించెను. అక్షరక్రమమున ఆరంభించినవాడు నడుమ ఆగినచో లోకములో సగము మాటలు మిగిలిపోవును; విషయక్రమమున ఆగినచో వచ్చిన సంపుటమైనను పూర్ణముగా నుండును. మన ప్రచురణల భాగ్యమును చూచినచో రెండవదే వివేకమని తోచును. కాని అట్టి సంపుటమును వాడు బాలునికి తాను వెదకు సంగతి ఏ శాస్త్రమునకు చెందునో ముందుగా తెలియవలెను. వానకోయిల కొఱకు వాడు ఏ సంపుటము తీయవలెను?

భాష గూడ ఇచ్చట అడ్డు నిలిచినది. బాలుడు "పాము" కొఱకు సూచికను తెఱచును. పుస్తకములో "సర్పము" అని యున్నది. వాడు "తేలు" అని చూచును. గ్రంథకర్త "వృశ్చికము" అని వ్రాసెను. "పాము – చూ. సర్పము" అను ఒక్క పంక్తి చేర్చినచో చిక్కు విడిపోవును. ఆ "చూ." అనగా చూడుము అని బాలునికి చెప్పవలెను. గిడుగు రామమూర్తి పంతులు 1906 మొదలుకొని బడిలో జీవద్భాషకై చేసిన వాదమును పండితులు పద్యగద్యముల వివాదముగనే తలంచిరి. అది సూచికల వివాదము కూడ. బిడ్డ నోట నున్న మాట పుస్తకపు సూచికలో లేనిచో ఆ పుస్తకము బిడ్డకు మూసిన తలుపే.

గ్రంథాలయములలో

హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914లో విజయవాడలో అయ్యంకి వేంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము ఏర్పడెను. తరువాత పల్లెపల్లెకు పఠనమందిరములు వెలసెను. కృష్ణాకాలువలపై పడవలలో గూడ పుస్తకములు తిరిగెను. ఆ కాలపు పెద్దలకు మొదటి చింత పుస్తకమును పాఠకుని యొద్దకు చేర్చుట. 1931లో శియాళి రంగనాథన్ గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములు చెప్పినప్పుడు వానిలో నాలుగవది పాఠకుని కాలమును కాపాడవలెననునది. వర్గీకరణము, పట్టికలు, బీరువాలపై పేర్లు అన్నియు దాని కొఱకే. బీరువా వఱకు పాఠకుని కాలము కాపాడబడెను. పుస్తకము చేతికి వచ్చిన పిదప దాని లోపల అతని కాలమును కాపాడువారెవరు? గ్రంథాలయాధికారి పని బీరువా వఱకే యనియు, లోపలిది ఉపాధ్యాయుని పని యనియు ఒకరు. పాఠ్యపుస్తకమే మా పని, ఇతరపుస్తకములు గ్రంథాలయమువారి పని యని మఱియొకరు. బాలుడు నడుమ నిలిచెను.

ఇది పుస్తకములకే పరిమితమైన లోటు కాదు. విక్రయ దస్తావేజు నొకదానిని చూడుడు. తేదీ, వ్రాసియిచ్చినవారి పేర్లు, వ్రాయించుకొన్నవారి పేర్లు, ప్రతిఫలము, షరతులు, చివర ఆస్తి షెడ్యూలు. సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు దిక్కుల చెక్కుబందీ ఆ షెడ్యూలులోనే యుండును. మొదటి పంక్తి నుండి పట్టి పట్టి చదువువాడు రెండవ పుట వచ్చుసరికి అలసిపోయి "అంతయు సరియే" యని చేవ్రాలు చేయును. ఎకరములో సెంట్లు తగ్గినది షెడ్యూలులో. తూర్పు హద్దు మాఱినది షెడ్యూలులో. కాగితమునందు ఏ భాగము ఏ పని చేయునో తెలిసిన పదియేండ్ల మనుమడు తాతకు ముందు షెడ్యూలును చదివి వినిపించును. అడంగలులోని గడులును, మందుసీసాపై చిన్న అక్షరములలో వ్రాసిన మోతాదును, పురుగుమందు డబ్బాపై త్రిభుజపు రంగును చదువుట ఇట్టిదే. ఆ త్రిభుజము ఎఱుపైనచో విషము మిక్కిలి తీవ్రము. ఆకుపచ్చయైనచో అన్నిటికంటె తక్కువ. అక్షరములు వచ్చియు ఆ రంగు నెఱుగనివారు చేతులతోనే మందు కలుపుట పల్లెలలో చూచినదే.

నేడు పాఠ్యపుస్తకములలో విషయసూచిక తప్పక యుండును. ఏ పాఠము ఏ నెలలో చెప్పవలెనో గూడ కొన్నిటిలో వ్రాయుదురు. అది ఉపాధ్యాయునికి ఉపకరించును గాని బాలుడు దానిని వాడవలసిన అవసరము రాదు. పాఠము ఏదో ఉపాధ్యాయుడే చెప్పును. పెద్దల కొఱకు వ్రాసిన తెలుగు శాస్త్ర, చరిత్ర గ్రంథములలో సైతము చివర అకారాది సూచిక లేనివి నేటికిని అనేకము. నాలుగువందల పుటల చరిత్ర వ్రాసి, నాలుగు పుటల సూచికకు కాగితము లేదనుట పిసినారితనమో అలసటయో తెలియదు. సెల్‌ఫోనులో ఒక మాట కొట్టినచో క్షణములో ఫలితములు వచ్చుచుండగా ఈ శ్రమ యెందులకని అడుగువారు కలరు. యంత్రము మాట యున్న చోటును చూపును. ఆ మాట ఏ అధ్యాయములో, ఏ శీర్షిక క్రింద, గ్రంథకర్త వాదములో ఏ మెట్టున వచ్చినదో చూచుకొనవలసినది పాఠకుడే. శీర్షికల నెఱుగనివాడు నడుమ నొక పేరా చదివి, గ్రంథకర్త ఖండించుటకై ఎత్తి చూపిన మాటనే ఆయన మతమని భ్రమించును. ఇట్టి పొరపాట్లు నేడు ఎక్కువైనవే గాని తగ్గలేదు.

నేర్పుట కష్టము కాదు. కొన్ని గ్రామములలో శ్రద్ధగల గ్రంథాలయాధికారులు సెలవుదినములలో పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి, ఒక జంతుశాస్త్ర పుస్తకమో వ్యవసాయ పుస్తకమో చేతికిచ్చి, చదువవద్దని ముందే చెప్పుదురు. చదువవద్దన్నచో పిల్లలకు ఉత్సాహము పుట్టును. పేరు చూచి లోపల ఏమేమి యుండునో ఊహింపుమందురు. తరువాత విషయసూచిక చూచి ఊహను సరిదిద్దుకొనుమందురు. చిత్రములను మాత్రము తిప్పి, క్రింది వివరణమును చేతితో మూసి, ఏమి వ్రాసియుండునో చెప్పుమని అడుగుదురు, చేయి తీయుమందురు. పిదప ఒక్క ప్రశ్న వేయుదురు. సమాధానమును గాక, ఏ ద్వారమున లోపలికి పోయితివో చెప్పుమందురు. సూచికలో "తేలు 14, 52–54" అని చూచి, పదునాలుగు తేళ్లని తలంచిన చిన్నవాడును ఉండును. నవ్వవలసిన పని లేదు. ఆ అంకె పుటసంఖ్య యని వానికి చెప్పినవారు లేరు, అంతియే. ఏబదిరెండవ పుట తెఱచి, తల్లితేలు పిల్లలను వీపుపై మోయుచున్న బొమ్మను చూచిన వెంటనే వాడు ప్రక్కవానిని మోచేతితో పొడిచి చూపును.

పాత పుస్తకముల చివరనో మొదటనో "తప్పొప్పుల పట్టిక" యని యొక పుట యుండెడిది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గడులు. పూర్వము శ్రద్ధగల పాఠకులు క్రొత్త పుస్తకము కొనగానే ముందు ఆ పట్టికను తెఱచి, పెన్సిలుతో లోపలి తప్పులన్నియు దిద్దుకొని, అటుపిమ్మట చదువ నారంభించెడివారు. ఏ గ్రామ గ్రంథాలయమున నైనను అట్టి పాత పుస్తకములు పది దొరకును. ఒక ఆదివారము పది పుస్తకములను, పది పెన్సిళ్లను పిల్లలకిచ్చి, పట్టికను చూచి దిద్దుమన్నచో, పుటసంఖ్య యేమో, పంక్తి లెక్కించుట యెట్లో, గడులు చదువుట యెట్లో మధ్యాహ్నమునకే వచ్చును. గ్రంథాలయపు పుస్తకములును దిద్దబడును.